ఎద్దు మెడలోని బిళ్ళ

దస్తగిరి అరచేతిలో ఉన్న బిళ్ళ అతను చేసిందే. అందులో అనుమానం లేదు. అతనికి మింగుడుపడనిదీ అదే.

ఎదురుగా లింగమ్మ నిలబడి ఉంది. ఏటి అవతలి ఊరి మనిషి. కొంగున మూటగట్టి తెచ్చిన జొన్నల్ని తకియా అరుగు మీద పోసింది. కొన్ని నాని ఉబ్బి కుళ్ళాయి. కొన్ని పురుగు తొలిచి డొల్లగా ఉన్నాయి.

"చేను గోకి తెచ్చినా సామీ. గొర్రు తోలి వారమైంది, ఒక్క మొలకా లేదు. పోయినేడు వానల్లేక గడ్డి కూడా దక్కలా. ఈయేడు మీ బిళ్ళ చూసి, కండ్లకద్దుకుని తీసుకున్యా. ఇప్పుడు చెప్పు, ఈ బిళ్ళ మీదేనా?"

"మాదే," అన్నాడు దస్తగిరి.

"అయితే ఈ గింజలూ మీవే."

"గింజలు మావి కావమ్మా."

"బిళ్ళ మీది, గింజలు మీవి కావు. బాగుంది సామీ. రేపు నా చేనుకు చెప్తాలే, బిళ్ళ చూసి మొలకెత్తమని."

దస్తగిరి బిళ్ళను మరోసారి తిప్పి చూశాడు.

తకియా అంటే ఫకీరులు ఉండే చోటు. తుంగభద్ర ఒడ్డున గుట్ట మీద ఉన్న ఈ తకియాకు పెద్ద బురాన్ షా. తస్బీ పూసలు ఎంత నెమ్మదిగా తిప్పేవాడో, జొన్న కంకిని కూడా అంత నెమ్మదిగా తిప్పి చూసేవాడు ఆయన. గుట్ట వెనక చేలో మంచి కంకులు ఏరించి, ఎండబెట్టించి, బూడిదా వేపాకూ కలిపి ముంతల్లో పోయించేవాడు. వాన మొహం చాటేసినా ఆ జొన్న నిలబడుతుందని చుట్టుపక్కల పేరు. పంట వచ్చాక ఎవరు తీసుకున్న గింజ వాళ్ళు తిరిగి పోస్తే చాలు.

ఆ ముంతలు పుట్టి ఎక్కి ఏరు దాటేవి. అవతల బండెక్కి సంతకు పోయేవి. సంత నుంచి ఊళ్ళకు. ఇన్ని చేతులు మారిన ముంత ఫలానా చోటి నుంచే వచ్చిందని చివర తీసుకునే రైతుకు ఎట్లా తెలియాలి? మామిడిపండైతే కొరికి చూడవచ్చు. గుడ్డ అయితే ఉతికి చూడవచ్చు. విత్తనం అట్లా కాదు. అది మంచిదో కాదో తెలిసేసరికి అదను దాటిపోయి ఉంటుంది. అందుకని ముంత మూతికి తాడుతో గుడ్డ కట్టి, ఆ తాడుకు తకియా బిళ్ళ ఒకటి వేలాడదీసేవాళ్ళు.

మొదట్లో అది చెక్క బిళ్ళ. సంతలో ఎవడో అలాంటివే చెక్కించాడు. బురాన్ షా శిష్యుడు దస్తగిరి పంతం పట్టాడు. కుమ్మరి దగ్గర చేరి మట్టి పని నేర్చుకున్నాడు. నల్లరాతి మీద అచ్చు చెక్కాడు. రేకు మీద రేకు, రేకు అంచున సన్నని గీత, గీతల మధ్య చుక్కలు. ఆ అచ్చుతో బిళ్ళలు ఒత్తి, ఆవంలో కాల్చి, నునుపు తేలేదాకా రుద్దాడు. అలాంటిది మళ్ళీ చేయడం ఎవరి తరమూ కాలేదు. ప్రయత్నించినవాళ్ళ బిళ్ళల్లో రేకులు అలుక్కుపోయి, పిల్లలు తొక్కిన పేడముద్దల్లా వచ్చాయి. దస్తగిరి వాటిని చూసి నవ్వుకున్నాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

అలికిడి విని బురాన్ షా లోపలి నుంచి వచ్చాడు. కుళ్ళిన గింజ ఒకటి తీసి గోటితో చీల్చి చూశాడు. లింగమ్మ వైపు తిరిగాడు.

"పదును ఉందా తల్లీ?"

"నిన్న మళ్ళీ ఒక వాన పడింది తాతా. రెండు మూడు దినాలు ఆగుతాదేమో. అది ఆరిపోతే ఈయేడు కూడా నా చేను బీడే."

"పొద్దు వాలింది. అన్నం తిని ఇక్కడే పండుకో. తెల్లారి పుట్టిలో పోదువు. గింజ నేనిస్తా."

లింగమ్మ లోపలికి పోయాక దస్తగిరి గురువు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"హజ్రత్, అచ్చు మారుస్తాను. రేకుల్లో ఇంకా సన్నని పని పెడతాను. ఇంకా గట్టిగా కాలుస్తాను."

"ఇప్పుడు గట్టిగా లేదా?"

దస్తగిరి బిళ్ళను అరుగు రాతి మీద విసిరి కొట్టాడు. అది ఖంగున మోగి, ఎగిరి, దొర్లుకుంటూ పోయి ఆగింది. పెచ్చు కూడా లేవలేదు.

"గట్టిదే," అన్నాడు బురాన్ షా. నమాజుకు వేళైందని లేచి వెళ్ళిపోయాడు.

తెల్లవారింది. రేవులో పుట్టి సిద్ధంగా ఉంది. పుట్టి నడిపే మద్దిలేటి, ముంతలు తొందరగా దింపమని కేకలేస్తున్నాడు. ఆ రోజు పోవలసిన ముంతలన్నీ తకియా ముందు వరసగా ఉన్నాయి, బిళ్ళలు వేలాడుతూ.

బురాన్ షా గుమ్మం పక్కన విడిగా ఉన్న ముంత చూపించాడు.

"అది లింగమ్మకియ్యి."

దస్తగిరి ముంత ఎత్తాడు. బరువు సరిగానే ఉంది. బిళ్ళను వేళ్ళతో తడిమాడు. రేకులు, గీతలు, చుక్కలు. అన్నీ ఉన్నాయి. రెండు చేతులతో లింగమ్మకు అందించాడు.

"ఇది తకియా నుంచి నీ చేతికే వస్తోంది. ఇంక భయం లేదమ్మా."

"నిన్నటిదాకా నాకూ భయం లేదు," అంది లింగమ్మ. ముంతను అక్కడే కింద పెట్టి, తాడు విప్పి, గుడ్డ తీసి, అరుగు మీద కుమ్మరించింది.

ఇసుక.

ఏటి ఇసుక, ఇంకా తడిగా ఉంది. దానిలో చిన్న నత్తగుల్ల ఒకటి తెల్లగా మెరిసింది.

లింగమ్మ ఖాళీ ముంతను అరుగు మీద బోర్లించింది. తిట్టి ఉంటే దస్తగిరికి బాగుండేది. రేవు నుంచి పైకొచ్చిన మద్దిలేటి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"హజ్రత్, ఇది మన విత్తనాల గదిలో ఉన్న ముంత కాదు," అన్నాడు దస్తగిరి. "ఎవరో..."

"ముద్ర నీదేనా?"

"నాదే. కానీ..."

బురాన్ షా తల కొద్దిగా పక్కకు తిప్పాడు. దస్తగిరి కూడా అటు చూశాడు.

కొట్టం ముందు తకియా ఎద్దు నెమరువేస్తూ నిలబడి ఉంది. నిన్నటిదాకా బిళ్ళ వేలాడిన దాని మెడ బోసిగా ఉంది. తాడు ఒరుసుకున్న చోట వెంట్రుకలు అణిగి సన్నని చార కనిపిస్తోంది. ఆ తాడు కట్టిందీ, దానికి బిళ్ళ గుచ్చిందీ దస్తగిరే. ఖాళీ అయిన ముంత నుంచి తీసి, అంత అందమైనదాన్ని పారేయడానికి మనసొప్పక కట్టాడు. అది చూసి ఊరూరా రైతులు వాళ్ళ ఎద్దులకు కట్టుకున్నారు. పసిపిల్లల ఊయలకు కట్టారు. ఎడ్ల సంతకు పోతే ప్రతి మెడలోనూ తన పనితనం కనిపించేది. చూసినప్పుడల్లా దస్తగిరి ఛాతీ పొంగేది.

ఇసుక ముంతకున్నది ఆ ఎద్దు బిళ్ళే. లింగమ్మను మోసగించినవాళ్ళూ బిళ్ళను కొత్తగా చేయలేదు. చేయవలసిన అవసరమే రాలేదు. ఎద్దును అడిగి తీసుకుంటే సరిపోయింది. గింజ అయిపోయి, ముంత ఖాళీ అయి, పంట కోతకొచ్చి ఏడాది గడిచినా ఆ బిళ్ళ మాత్రం ఇది తకియా గింజ అని చెబుతూనే ఉంది. అంత గట్టిగా కాల్చాడు తను.

బురాన్ షా లోపలికి వెళ్ళి వేరే ముంత తెచ్చాడు. దానికి బిళ్ళ లేదు. లింగమ్మ ముందు గుడ్డ విప్పి గింజలు చూపించాడు. ఆమె ఒకటి నోట్లో వేసుకుని పటుక్కున కొరికింది. తల ఊపింది.

"పుట్టికి పొద్దుపోతాంది," అన్నాడు మద్దిలేటి. "మిగతా ముంతలు ఎక్కిస్తారా లేదా?"

"ఈ రోజు పోవు," అన్నాడు దస్తగిరి.

"అట్లంటే ఎట్లా? అవతల బండ్లు కాచుకోనుంటాయి. పదును ఆరేలోపల విత్తాలని జనం ఆత్రంగా ఉన్నారు."

"తెలుసు. సాయంత్రానికి ఇస్తా. నువ్వు ఆగితే ఆగు, లేదంటే పుట్టి నేనే తిప్పుకుంటా."

"నువ్వు తిప్పితే ముంతలు ఏట్లో మొలకెత్తుతాయి. ఆగుతాలే."

దస్తగిరి కత్తి తెచ్చి వరసలో ఉన్న ముంతల నుంచి బిళ్ళలన్నీ కోసేశాడు. గంపలో దాచిన కొత్తవీ తెచ్చాడు. అన్నిటినీ కొట్టం ముందున్న రోట్లో పోసి రోకలి ఎత్తాడు. మొదటి దెబ్బకు బిళ్ళలు పక్కకు జారాయి. రెండో దెబ్బకు ఒకటి పగిలింది. ఆ తర్వాత అతను ఆగలేదు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. మద్దిలేటి కాసేపు చూసి, ఉండబట్టలేక, అవతలి వైపు నుంచి తనూ ఒక రోకలి అందుకున్నాడు.

"ఇంత కష్టపడి చేసినోడివి, పగలగొట్టేదానికి కూడా ఇంత కష్టపడాల్నా?"

"గట్టిగా కాల్చా," అన్నాడు దస్తగిరి.

ఏటి ఒడ్డు నుంచి ఒండ్రుమట్టి తెచ్చాడు. బిళ్ళల పొడి జల్లించి అందులో కలిపాడు. పచ్చిమట్టిలో కాల్చిన మట్టి పొడి కలిపితే ఆరేటప్పుడు బీట్లు రావు. ఆ సంగతి కుమ్మరి దగ్గర నేర్చుకున్నదే. బాగా పిసికి, లింగమ్మ ముంత దగ్గర కూర్చున్నాడు. మూతికి గుడ్డ కట్టి ముడి వేశాడు. ముడి మీద మట్టి ముద్ద మెత్తాడు. దాని మీద తన నల్లరాతి అచ్చు ఒత్తాడు. రేకులు, గీతలు, చుక్కలు తేటగా లేచాయి. ఇంక ఆవం లేదు, నిప్పు లేదు. నీడన ఆరనిచ్చాడు, అంతే. మిగతా ముంతలకూ అలాగే వేశాడు.

లింగమ్మ వంగి చూసింది.

"దీన్ని తీసేదెట్లా?"

"తీయలేవు. ముడి విప్పాలంటే పగలగొట్టాల్సిందే."

"పగిలినాక?"

"మట్టి. చేలో పారేయ్."

ఆమె దస్తగిరి మొహంలోకి చూసింది. "ఎద్దుకు కట్టుకునేదానికి రాదన్నమాట," అంది. ఆమె మాటలో నవ్వు వినిపించడం అదే మొదలు.

మద్దిలేటికి మాత్రం నచ్చలేదు. "ఇది నాకు పెట్టిన శిక్ష. పచ్చిమట్టి ముద్రలు దొంతి పేర్చితే పగులుతాయి. నీళ్ళు చిందితే కరుగుతాయి. పగిలితే ఏం చేసేది?"

"వెనక్కి తీసుకురా."

"బండివాడి దగ్గర పగిలితే?"

"నీకు తెస్తాడు. నువ్వు నాకు తే. పగిలిన ముంత ఎవరూ తీసుకోకూడదు. తాడుకు వేలాడే బిళ్ళ ఉన్న ముంతనూ తీసుకోకూడదు. సంతలో నేనే చాటుతా."

"నిన్నటిదాకా వేలాడేదే అసలు ముద్ర అన్నావు కదా సామీ. నవ్వుతారు."

"నవ్వనీ."

అన్నట్టే చేశాడు. సాయంత్రం పుట్టిలో వాళ్ళతోపాటే ఏరు దాటాడు. లింగమ్మ తన ముంతను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దస్తగిరి ఎడ్ల సంతలో నిలబడి, తను చేసిన బిళ్ళలకు ఇక విలువ లేదని గొంతెత్తి చెప్పాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. తిట్టినవాళ్ళు తిట్టారు. ఒక ముసలాయన తన ఎద్దు మెడలోని బిళ్ళ తెంపి దస్తగిరి చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకో," అన్నాడు. దస్తగిరి దాన్ని కూడా తెచ్చి రోట్లో వేశాడు.

అయినా అతని మనసు కుదురుగా లేదు. వేలు తగిలితే పెచ్చులూడే ముద్ర. ఏరు దాటేసరికే సగం పగులుతాయేమో. అదను పోతే లింగమ్మ ఒక్కతే కాదు, అందరూ తకియా అరుగు మీద గింజలు పోస్తారు. రోజూ గుట్ట మీద నిలబడి అవతలి ఒడ్డు చూసేవాడు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మద్దిలేటి రుసరుసలాడుతూ గుట్టెక్కాడు. చంకలో ఒక ముంత. దాన్ని అరుగు మీద పెట్టాడు.

"మీ గింజలు మీరు చూసుకోండి సామీ. ఇంక నాతో కాదు."

ముద్ర అంచున వెంట్రుకవాసి పగులు ఉంది. ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎవరు వద్దన్నారు?" అన్నాడు దస్తగిరి.

"ఎవరేంది, ఆ లింగమ్మే. ఆమె చేను జానెడు పెరిగింది, నోరు మూరెడు పెరిగింది. పుట్టి వచ్చేసరికి రేవులో నిలబడి ఉంటాది. నేను దింపిన ముంతనల్లా ఎండకు తిప్పి తిప్పి చూస్తాది. ఇది పగిలింది, ఊరోళ్ళకు ఇయ్యనీయను, వెనక్కి తీసుకుపో అంటాది. అమ్మా, నేను నీకు చిన్నప్పట్నుంచి తెలుసు గదా అంటే, నువ్వు తెలుసు, ముంత తెలీదు అనింది. ఆ బండివాడు, మొన్నటిదాకా నా పక్కన కూర్చుని చుట్ట కాల్చినోడు, వాడూ ఆమె పక్కనే నిలబడి చూస్తాడు. నన్ను దొంగను చూసినట్టు."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమనేది. ఇప్పుడు నేనూ ఇక్కడ చూసుకోకుండా పుట్టిలో పెట్టను. ఆమెతో మాటపడే కంటే అది నయం."

దస్తగిరి ముంతను ఒళ్ళోకి తీసుకున్నాడు. పగులు మీద బొటనవేలు ఆనించాడు. అంచు నుంచి చిన్న పెచ్చు ఊడి అతని వేలికి అంటుకుంది. రేకులో సగం పోయింది. అతను దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

గింజలు ఏరుతున్న బురాన్ షా తలెత్తకుండానే అన్నాడు.

"ఇప్పుడు గట్టిపడింది, దస్తగిరీ, నీ ముద్ర."