మరువంపల్లె తోటవ్వ వీపు మీది కొడవలి గాటు

ఎర్రకొండ కింద మరువంపల్లెలో బస్సు దిగగానే భక్తులకు ముందుగా మరువం వాసన తగులుతుంది. ఊరి చివరనున్న తోటలో కనకాంబరాలు, దవనం, గన్నేరు మళ్లు మళ్లుగా ఉంటాయి. కలుపు మొక్క కంటికి కనబడదు. కానీ తోట నడుమ మాత్రం బలుసు, ఉత్తరేణి, దూలగొండి అల్లుకుపోయి ఒక పొద ఉంది. "ఇంత చక్కని తోటలో ఈ తుప్ప ఎందుకు ఉంచారయ్యా?" అని కొత్తగా వచ్చినవారు అడగకమానరు. ఆ తుప్పే గర్భగుడి. తోటవ్వ అందులోనే ఉంది. తూర్పున విడిచిన సందులోంచి చూస్తే ముందుకు వంగిన నల్లరాతి విగ్రహం వీపు, ఆ వీపు మీద అడ్డంగా ఒక గాటు కనిపిస్తాయి. అవ్వ ముఖం చూసినవారు ఎవరూ లేరు. చూడాలని పొద చుట్టూ తిరగడం మహాపచారం. దయచేసి తిరగకండి.

పూర్వం ఇక్కడ పాలెగాండ్ల కాలంలో చెన్నకేశవస్వామి పూజకు పూలిచ్చే తోట ఉండేది. దాన్ని చూసుకునే తోటమాలి విషజ్వరంతో పోయాడు. అతని భార్య ఓబుళమ్మ నాలుగేళ్ల కూతురు గంగిని పెట్టుకుని దుఃఖంలో మునిగిపోయింది. రెండు వానకాలాలు గడిచేసరికి తోట అడవిగా మారింది. మల్లెపందిరి మీదికి దూలగొండి తీగ పాకింది. పగలే నక్కలు కూసేవి. ఆలయ వ్యవహారాలు చూసే పారుపత్యగాడు కబురు పెట్టాడు. స్వామి కల్యాణం నాటికి తోటను బాగుచేసి మళ్లు కట్టకపోతే మాన్యం ఇంకొకరికి పోతుందని దాని సారాంశం. ఆ తోట పోతే తల్లీబిడ్డలకు గంజినీళ్లు కూడా పుట్టవు.

తోటమాలుల ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. బీడుపడిన తోటను ఒక పక్కనుంచే కోసుకుంటూ పోవాలి, ఎదురు పక్కను విడిచిపెట్టాలి. లోపలున్న ప్రాణులకు అదే దారి. పని మొదలయ్యే ముందు రాత్రి ఓబుళమ్మకు కల వచ్చింది. తలనిండా గడ్డిపోచలున్న ఒక ముసలమ్మ గడపలో నిలబడి, "కోసుకోండి బిడ్డా. నాకు తూర్పు దిక్కు మాత్రం ఇడిసిపెట్టండి" అని చెప్పి వెళ్లిపోయింది.

తెల్లవారి మరిది నరసప్ప చుట్టాలందరినీ వెంటబెట్టుకుని కొడవళ్లతో వచ్చాడు. ఆమె కల సంగతి చెప్పింది. అతడు నవ్వి, "వదినా, కలల మాట ఇనుకుంటా కూసుంటే పొద్దు నిలబడతాదా? నాలుగు దిక్కులా కమ్ముకుంటే ఈ దినమే అయిపోతాది" అన్నాడు. అది పద్ధతి కాదని ఆమెకు తెలుసు. అయినా మాన్యం పోతుందన్న భయం ఆమె నోరు నొక్కేసింది. కోత మొదలైంది.

నాలుగు వైపులా మనుషులు ముందుకు జరుగుతుంటే తుప్ప నడుమకు కుంచించుకుపోయింది. పొద్దు వాలేసరికి బండి పట్టేంత పొద మిగిలింది. గాలి లేదు, కానీ పొద వణుకుతోంది. లోపల ఏవో మెసలుతున్నాయి, ఒక్కటీ అరవడం లేదు. అప్పుడు ఓబుళమ్మ గంగి కోసం అటూ ఇటూ చూసింది. అంతదాకా బిడ్డ పొరుగింటి ముసలమ్మ దగ్గర ఉందని ఆమె అనుకుంది. ఆ ముసలమ్మేమో బిడ్డ తల్లి దగ్గరుందనుకుంది.

"పులి దూరిందేమో!" అంటూ నరసప్ప భయంతో కొడవలితో పొదలోకి బలంగా వేటు వేశాడు. రాతికి తగిలినట్టు మోత వినిపించింది. కొడవలి వెనక్కి లాగితే దాని నిండా నెత్తురు. ఆ వెంటనే లోపలినుంచి, "అమ్మా!" అన్న కేక వచ్చింది.

అది గంగి గొంతు. ఆ తల్లి గుండె ఆగిపోకుండా ఎలా నిలిచిందో ఈనాటికీ చెప్పలేం.

"తూరుపు ఇడవండి! ఎవురూ అడ్డం నిలబడొద్దు!" అని ఓబుళమ్మ మనుషులను తోసేసి, ఒళ్లంతా దురదలు పుట్టించే ఆ దూలగొండిని వట్టి చేతులతో పెరికి దారి చేసింది. ఆ దారిన పాములు వచ్చాయి. కుందేళ్లు, ముంగిసలు, ఒక నక్క వచ్చాయి. ఒకదాన్నొకటి చూడలేదు, ఆమె పాదాల మీదుగానే వెళ్లిపోయాయి. ఆమె కదలలేదు. అన్నింటి వెనక గంగి వచ్చింది. బిడ్డ తల, వీపు నెత్తురుతో తడిసి ఉన్నాయి. తుడిచి చూస్తే ఒంటిమీద గీటు కూడా లేదు.

"కుందేలెంట పోయినా మా. దారి కనపల్యా. ఒక అవ్వ నా మీద వంగింది. తలెత్తొద్దు బిడ్డా అనింది" అని చెప్పి గంగి వెక్కుతూ పొద వైపు తిరిగింది. "అవ్వకు దెబ్బ తగిలింది మా. అవ్వ ఇంగా లోపలే ఉండాది."

మగవారెవరూ అడుగు ముందుకు వేయలేదు. ఓబుళమ్మే వెళ్లి చూసింది. అవ్వ లేదు. బిడ్డను కింద దాచుకున్నట్టు వంగిన నల్లరాయి ఉంది. దాని వీపున తడి ఆరని గాటు ఉంది. నరసప్ప ఆ తర్వాత బతికినన్నాళ్లూ కొడవలి పట్టలేదు. కల్యాణం నాటికి తోట సిద్ధమైంది. కొత్త మళ్లన్నీ ఆ పొద చుట్టూ, తూర్పున దారి విడిచి కట్టారు.

నేటికీ ఏటా కల్యాణానికి ముందు తోటలో కలుపు తీస్తారు. పడమటినుంచి మొదలుపెడతారు, పని ముగిసేదాకా తూర్పున ఎవరూ నిలబడరు. అక్కడ నిలబడవద్దని, ఫోటోల కోసం చేరే కుర్రకారుకు మరీ మరీ మనవి. కొడవలి ఆనించే ముందు ప్రతి తల్లీ తన బిడ్డను పేరుపెట్టి పిలుస్తుంది. "ఉండానమ్మా" అని బిడ్డ పలకాలి. అందరూ పలికితేనే పని మొదలవుతుంది. ఓబుళమ్మ వంశపు ఆడబడుచు గాటుకు నూనె రాస్తుంది. ఆ నూనె నుదుట పెడితే పిల్లలకు రాత్రి ఉలికిపాటు పోతుందని, తప్పిపోయినవారు ఇల్లు చేరతారని భక్తుల నమ్మకం.

సాయంత్రానికి పని పొద దాకా వస్తుంది. అందరూ కొడవళ్లు కింద పెట్టి తూర్పు దారికి అడ్డం కాకుండా పక్కగా నిలబడతారు. ఆడబడుచు చేతులు జోడించి, "అవ్వా, నువ్వు బయటికొచ్చినావా?" అని పిలుస్తుంది. ఊరంతా ఊపిరి బిగబట్టి వింటుంది. ఇంతవరకు జవాబు రాలేదు. అందుకే ఆ పొదను కోయరు.