ఊక ఇచ్చిన ముల్లు

ఒకప్పుడు కోడిపిల్లకి గుడ్డులోంచి తనంతట తాను బయటికి రావడం చేతనయ్యేది కాదు. దాని ముక్కు వెన్నలా మెత్తన. ఇరవయ్యొకటో రోజున తల్లికోడే గుడ్డుని పొడిచి, పెంకు విప్పేది. పిల్లగారు దర్జాగా బయటికి వచ్చేవారు!

ఆ రోజుల్లో పైడమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక చుక్కలకోడి పదకొండు గుడ్లు పొదగడం మొదలెట్టింది. మర్నాడే మేతకని పెరట్లోకి వెళ్లి నక్క నోట పడింది. పాపం, గుడ్లు దిక్కులేనివయ్యాయి.

ఇంకొకరైతే పులుసు పెట్టుకునేవాళ్లు. పైడమ్మ అలాంటిది కాదు. కుండలో ఊక వెచ్చబెట్టింది. ఊకంటే తెలుసు కదా, వడ్లు దంచితే ఊడే పొట్టు. గంపలో ఆ ఊక పరిచి, గుడ్లు పెట్టి, పైన మళ్లీ ఊక కప్పింది. పూటపూటకీ ఊక మార్చేది, గుడ్లని తిప్పేది.

మరి వేడి సరిపోయిందో లేదో ఎలా తెలిసేదంటారా? కళ్లు మూసుకుని గుడ్డుని రెప్పకి ఆనించేది. చురుక్కుమంటే వేడి ఎక్కువ, చల్లగా తగిలితే తక్కువ. ఎంత తెలివో చూడండి! ఆ గుడ్ల కోసం ఆవిడ సొంత మేనకోడలి పెళ్లికి కూడా వెళ్లలేదు.

ఇరవయ్యొకటో రోజు వచ్చింది. పిల్లలు గుడ్లలో ముడుచుకుని, అమ్మ ఎప్పుడు పొడుస్తుందా అని చూస్తున్నాయి. అమ్మేది? లోపల గాలి చాలడం లేదు.

పైడమ్మ ఒక మేకు తెచ్చి గుడ్డు మీద పెట్టింది.

"ఎంత లోతు పొడవాలో కోడికి తెలుసు. నాకేటి తెలుసు? లోపల పిల్ల కంట్లో దిగితేనో?" అని మేకు అవతల పారేసి ఏడ్చింది.

పక్కింటి అచ్చియ్యమ్మ వచ్చి చూసింది. "ఒదినా, ఇయ్యన్నీ మురిగిపోనాయి. పెంటకుప్ప మీద పోసెయ్."

"ఓలమ్మా, రెప్పకి ఎచ్చగా తగులుతున్నాయి కదే! పొద్దుగూకేదాకా సూస్తాను. అప్పటికీ కదలకపోతే నువ్వన్నట్టే సేస్తాను."

ఈ మాటలు గంపలోని ఊక విన్నది. గుడ్డుకి అంటుకుని ఉన్న ఒక ఊకపొట్టు గుసగుసగా పిలిచింది.

"ఓ పిల్లా, బతికే ఉన్నావా?"

"ఉన్నాను. కానీ నా ముక్కు మెత్తన. ఈ గోడ పగలదు," అంది పిల్ల.

"నా కొసన చిన్న ముల్లుంది. వడ్లగింజకి కాపలాగా ఉండేది. గింజ వెళ్లిపోయింది, నాకింక దాంతో పనేముంది? నువ్వు తీసుకో. బయటపడ్డాక మాత్రం మా ఊకలోనే వదిలెయ్యాలి."

"అలాగే!"

గుడ్డు పెంకుకి కంటికి కనపడనంత సన్నటి కన్నాలుంటాయి. ముల్లు ఒక కన్నంలోంచి దూరి పిల్ల ముక్కు కొసకి అతుక్కుంది.

టక్! పిల్ల పొడిచింది. కాస్త తిరిగి మళ్లీ పొడిచింది. "అమ్మో, నా వల్ల కాదు," అంది.

"ఇంకొక్కసారి పొడువు!" అంది ఊక.

అలా ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ పెంకు చుట్టూ పగులు పెట్టేసింది. గుడ్డు కదలడం పైడమ్మ చూసింది. సాయం చెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. అయినా రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది.

"రా నా తల్లీ, రా!"

పెంకు రెండుగా విడిపోయింది. తడిసి ముద్దయిన పిల్ల బయటికి దొర్లి, "కియ్" మంది! దాన్ని చూసి మిగతా ఊకపొట్టులు కూడా తమ ముళ్లు ఇచ్చేశాయి. పొద్దుగూకేసరికి పదకొండు పిల్లలూ గంపలో గోల గోల. అచ్చియ్యమ్మ ముక్కున వేలేసుకుంది.

రెండో రోజున పిల్లలన్నీ ఊకలో ముక్కులు రాసి, ముళ్లు అక్కడే వదిలేశాయి.

అప్పటినుంచే ప్రతి కోడిపిల్లా ముక్కు కొసన చిన్న ముల్లుతో గుడ్డు పగలగొట్టుకుని వస్తోంది. ఒకటి రెండు రోజుల్లో ఆ ముల్లు రాలిపోతుంది. ఈ రోజుల్లో ఇంట్లో కరెంటు పెట్టెలో పొదిగించినా అంతే. వెచ్చదనం పెట్టె ఇస్తుంది, గుడ్లు మనం తిప్పుతాం. బయటికొచ్చే పని మాత్రం ఇప్పటికీ ఆ పిడికెడంత పిల్లదే.