తోకచుక్కను లాగిన పిల్ల

మన సముద్రంతో మొదలుపెట్టి పడమటికి ఏడు సముద్రాలు లెక్కపెట్టండి పిల్లలూ. ఆ ఏడోదాని ఒడ్డున అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ దేశంలో మగవాళ్ళు కూడా విగ్గులు పెట్టుకుని, ముఖానికి పౌడరు రాసుకునేవారు. నవ్వకండి, వాళ్ళకదే గొప్ప.

అక్కడ ఒక ఆచారం ఉండేది. తోకచుక్క వస్తే గంట మోగుతుంది. అందరూ తలుపులు బిగించుకుని, తెరలు దించుకుని కూర్చోవాలి. మాంత్రికుడు గొర్బాన్ ఒక్కడే దాన్ని చూస్తాడు. అదెందుకొచ్చిందో ఆయన చెప్పిందే వేదవాక్కు.

ఒక ఏడాది ఆ గంట మోగింది. అద్దాలు సానపట్టే ముసలాయన కూతురు మార్గిట మాత్రం తలుపు వేసుకోలేదు. తను చేసుకున్న దుర్భిణి పట్టుకుని, మేడెక్కి చూసింది.

"ఇది మంత్రగత్తె! ఆ గొట్టంతో తోకచుక్కను మన నెత్తిమీదికి లాగుతోంది. కాల్చెయ్యాలి" అన్నాడు గొర్బాన్.

"గొట్టమే లాగితే, గొట్టం లేని చోట చుక్క కనిపించకూడదు కదా? వెళ్ళి చూసి రండి" అంది మార్గిట.

రాజు మంచివాడే కానీ జనానికి జడిసేవాడు. మూడు నెలలు గడువిచ్చి, ముగ్గురు కొడుకుల్నీ మూడు ఓడల్లో పంపాడు.

పెద్దవాడు ఒక సముద్రం దాటాడు. రెండోవాడు మూడు దాటాడు. ఇద్దరూ ఆచారం తప్పకుండా గది తలుపులు బిగించుకుని, తెరలు దించుకునే ప్రయాణం చేశారు. తిరిగొచ్చి, "మాకెక్కడా కనిపించలేదు నాన్నగారూ" అన్నారు. ఎలా కనిపిస్తుంది చెప్పండి!

చిన్నవాడు ఫెలిక్స్ తెరలు పీకేసి ఓడ పైన కూర్చున్నాడు. మొదటి సముద్రంలో చూశాడు, చుక్క ఉంది. రెండో సముద్రంలో చూశాడు, ఉంది. ఏడో సముద్రంలోనూ ఉంది. "ఉంది సరే, నా ఒక్కడి మాట ఎవరు నమ్ముతారు?" అని దిగులుపడ్డాడు.

అతని విగ్గులోంచి ఒక సాలీడు తల బయటపెట్టింది.

"మార్గిట నన్ను అద్దం కింద పెట్టి చూసింది. 'ఎనిమిది కళ్ళే నీకు, ఎంత బాగున్నాయో!' అని వదిలేసింది. ఆ పిల్ల చావకూడదు. నేను గొర్బాన్ ఇంట్లో గూడు కట్టినప్పుడు విన్నాను, ఆయన ప్రాణం ఆ ఎదురు దీవిలో చిలకలో ఉందట. దాని మెడ విరిచెయ్యి!"

ఫెలిక్స్ చిలకను పట్టుకున్నాడు. దాని గుండె అతని అరచేతిలో దడదడలాడింది. విరవడానికి చెయ్యి రాలేదు. చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

గడువుకు ఆఖరి రోజు. మార్గిటను కట్టెల మీద నిలబెట్టారు. ఫెలిక్స్ పరుగెత్తుకొచ్చి, "ఆపండి! ఆ చుక్క అన్నిచోట్లా ఉంది!" అని అరిచాడు.

"అబద్ధం! పిల్ల మీద మోజుతో అంటున్నాడు" అన్నాడు గొర్బాన్.

అప్పుడు చొక్కాలోంచి చిలక నోరు విప్పింది. ప్రాణం ఉన్నచోటే మనసూ ఉంటుంది కదా, అచ్చం గొర్బాన్ గొంతుతోనే పలికింది.

"నా ఆరో ఏట ఇదే చుక్క వచ్చింది. మా అమ్మ నన్నెత్తుకుని చూపించింది. అందుకని అమ్మను కాల్చేశారు. చుక్క మాత్రం ఇంకో నెల ఉండి, తనంతట తనే పోయింది. అమ్మ ఏం చెయ్యలేదు. ఈ పిల్లా ఏం చెయ్యలేదు. ఇంకొకరి మీద వేలు చూపించేవాణ్ణి నేనైతే నన్ను కాల్చరని మాంత్రికుణ్ణయ్యాను."

గొర్బాన్ కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఫెలిక్స్ చిలకను ఆయన చేతుల్లోనే పెట్టాడు. రాజు సిగ్గుపడి, మార్గిట కట్లు తనే విప్పాడు. ఆమె కట్టెలు దిగివచ్చి, గొర్బాన్ పక్కన కూర్చుంది.

"తాతా, ఇప్పుడు నీకెన్నేళ్ళు?"

"డెబ్భై ఆరమ్మా."

"అయితే డెబ్భై ఏళ్ళకు మళ్ళీ వస్తుందేమో" అని రాసుకుంది.

మార్గిటకూ ఫెలిక్స్‌కూ పెళ్ళయింది. విందుకు వంట ఆ కట్టెలతోనే చేశారు. తరవాత ఆ రాజ్యాన్ని వాళ్ళిద్దరే చాలాకాలం చల్లగా ఏలారు.

డెబ్భై ఏళ్ళకు గంట మోగింది. ఊరంతా తలుపులు తీసుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని మేడలెక్కింది. పండు ముసలి మార్గిట దుర్భిణిని మునిమనవరాలి కంటికి ఆనించింది.

"బాగా చూడమ్మా. గొర్బాన్ తాతకు వాళ్ళమ్మ చూపించిన చుక్క ఇదే."