కార్డు వేసే అంకె

కనకవల్లి టీచరుగారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరయ్యాక, తెనాలిలో ఒక మందుల షాపు మీదున్న రెండు గదుల్లో ఆవిడ నెట్‌వర్క్ పని నేర్పేవారు. ఆ ఉదయం అడిగింది ఇందుమతి.

"టీచరుగారూ, ఈ కార్డుకి ఏమేం పనులు వచ్చో తేల్చుకోవడం ఎలాగండీ? దాంతో వచ్చిన కాగితం ఒకటి చెబుతుంది, కార్డు ఒకటి చెబుతుంది. నా బుర్రలో చూస్తే ఏదీ నిలవడం లేదు."

యాభై ఏడేళ్ళ ఇందుమతి ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకుంటుంది. కంప్యూటరును తీగకు కలిపే ఆ నెట్‌వర్క్ కార్డు, గుండెజబ్బుల వార్డు నుంచి నర్సుల గదికి హెచ్చరికలు పంపే కంప్యూటర్లో పెట్టాల్సినది. పెట్టొచ్చో వద్దో మధ్యాహ్నంలోగా ఆమె రాసివ్వాలి. కిందటి నెలలోనే చేయాల్సిన పనులు రెండు మరిచిపోయి మాట పడింది. ఈసారీ పొరపాటు జరిగితే ఉద్యోగం మానేస్తానని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

"ముందు దాన్నే అడుగు," అన్నారు టీచరుగారు.

కార్డును కంప్యూటర్లో పెట్టి అడిగింది. తెర మీద జవాబులు వరసగా పడ్డాయి. ఇది వచ్చు, అది రాదు, ఇంకోటి ఎన్నటికీ రాదు. 'చెక్‌సమ్ వేయడం వచ్చు' అని కూడా ఉంది. కాగితంలో ఆ ఊసే లేదు. కంప్యూటరు పంపే సమాచారం ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్తుంది; ప్రతి ప్యాకెట్ మీదా లోపలి సరుకు చెడలేదని చూపే అంకె చెక్‌సమ్. అది తప్పయితే అవతలి కంప్యూటరు ఆ ప్యాకెట్‌ను మాటామంతీ లేకుండా పారేస్తుంది. పంపినవాళ్ళకు ఆ సంగతే తెలియదు. హెచ్చరిక చేరిందనే అనుకుంటారు.

"ఇప్పుడు పంపి చూడు."

ఇందుమతి పక్కగదిలోని కంప్యూటరుకి వంద ప్యాకెట్లు పంపి, వెళ్తున్నవాటిని తన కంప్యూటర్లోనే పట్టి చూసింది. మొదటిదాని అంకె తప్పు. రెండోదీ తప్పు. వందా తప్పే. కార్డు అబద్ధమాడిందా, తనే ఏదో మెట్టు మరిచిందా? మళ్ళీ మొదలుపెట్టింది. అప్పుడూ వందా తప్పే. అన్ని మెట్లూ చేశానా లేదా అని అనుమానం వచ్చి మూడోసారీ వంద పంపింది.

పక్కగదిలోంచి తోటి విద్యార్థి డేనియేలు తొంగిచూశాడు. "ఏంటి పిన్నిగారూ, కార్డుని ఉతికి ఆరేస్తున్నారు?"

"నువ్వూరుకో నాయనా, నా బాధ నాది." టీచరుగారి వైపు తిరిగింది. "వద్దని రాసేస్తానండీ. కార్డు మంచిదే అయినా, పెట్టేది నేను కదా. నన్ను నేనే నమ్మలేకుండా ఉన్నాను."

టీచరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "డేనియేలూ, నీకెన్ని చేరాయి?" అన్నారు.

"మూడొందలండీ. ఒక్క అంకె కూడా తప్పు లేదు."

ఇందుమతి గబగబా వెళ్ళి అతని తెర చూసింది. నిజమే. కార్డుకి ఆ పని వచ్చు గనక, ఆమె కంప్యూటరు అంకెను తను లెక్కగట్టకుండా ప్యాకెట్‌ను దానికి అప్పగించింది. తీగలోకి వదిలే ముందు కార్డు అంకె వేసింది. ఆమె పట్టి చూసిందేమో ప్యాకెట్లు కార్డుకి చేరకముందు, అంకె పడకముందు.

తిరిగి వచ్చి టీచరుగారి ముందు కూర్చుంది.

"కార్డు సంగతి తేలిందండీ. మరి నా సంగతి? ఏం మిగిలిందో, ఏం పోయిందో పొద్దస్తమానం లోపల తడుముకుంటూనే ఉంటాను. చేతికేమీ తగలదు."

టీచరుగారు ఆమె రాయాల్సిన కాగితం, కలం ముందుకు జరిపారు.

"ఇందాక నువ్వు నీ కంప్యూటరు లోపల చూసినప్పుడు, మంచి ప్యాకెట్లు కూడా తప్పుగానే కనబడ్డాయి కదమ్మా. చేరినచోట చూస్తేనే తేలింది," అన్నారు.