ఈరమ్మవ్వ దాచిన చరణం

ఈరమ్మవ్వ నాలుగో చరణం దాస్తోందని వకుళకు గట్టి అనుమానం.

వకుళ వయొలిన్ వాయిస్తుంది. అనంతపురం పల్లెల్లో శవం దగ్గర పాడే శోకాలతో ఒక ఆల్బమ్ చేస్తోంది. పాట చుట్టూ చెల్లో, వయొలిన్లు, వెనక గాలి హోరు లాంటి శ్రుతి. వినేవాళ్ల ఒళ్లు జలదరించాలని ఆమె పంతం. అందుకే ఆరు నెలలుగా, ఆ శోకాలు పాడే ఈరమ్మవ్వ దగ్గర శిష్యరికం. ఆరు పాటలు అయ్యాయి. ఏడోదే ఆల్బమ్‌కు ప్రాణం. అదేమో మూడు చరణాలై ఆగిపోతుంది.

"తర్వాత, అవ్వా?"

"గొంతు పట్టేసినాది పాపా."

రోజూ ఇదే మాట. ఆ వెంటనే కోళ్లను అదిలించడానికి మాత్రం అదే గొంతు వీధి చివరిదాకా వినిపించేది.

అనుమానం తలలో దూరాక కుదురుగా ఉండనిస్తుందా? అవ్వ పాత శిష్యురాలు రాహేలును పట్టుకుని అడిగింది.

"నాలుగో చరణం నీకు వచ్చా?"

"వచ్చినాదక్కా. నా కొడుకు పోయిన దినం."

"ఏదీ, ఒక్కసారి పాడు."

"అది నేను చెప్పేది కాదు," అని రాహేలు నీళ్లబిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

వకుళకు కడుపు మండింది. రాహేలుకో న్యాయం, తనకో న్యాయమా? మర్నాడు రాహేలు వచ్చే వేళకు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, అవ్వ ఇంట్లో చేటలో కందుల కింద దాచి, బజారుకని బయల్దేరింది. తిరిగొచ్చేసరికి ఫోన్ చాప మీద ఉంది, దుమ్ము తుడిచి మరీ.

"కందులు చెరగతాంటే దొరికె," అంది అవ్వ. "కూర్చో."

వకుళ సిగ్గుతో చచ్చిపోయింది. అయినా అనుమానం మాత్రం చావలేదు.

"మీ ఇంట్లో ఎవరన్నా పోయినారా?" అడిగింది అవ్వ.

"నాన్న. రెండేళ్లయింది."

"ఏడిస్తివా?"

"మద్రాసులో రికార్డింగ్‌లో ఉన్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది."

"పేరేంది? ఏం చేస్తాండె?"

"గంగాధరం. రైల్లో గార్డు. నా మొదటి వయొలిన్ ఆయనే భుజాన మోసుకొచ్చాడు."

అవ్వ దగ్గరికి జరిగి, వకుళ వీపు మీద అరచెయ్యి ఆనించింది. శవం దగ్గర పాడేటప్పుడు అయినవాళ్ల మీద అలాగే చెయ్యి వేస్తారు. అవ్వ ఏడో పాట ఎత్తుకుంది. మొదటి చరణంలో గంగాధరం పచ్చజెండా ఊపాడు. రెండో చరణంలో వయొలిన్ మోసుకుంటూ ఎండలో నడిచొచ్చాడు. మూడో చరణంలో మంచం మీంచి గుమ్మం వైపు చూశాడు, బిడ్డ వస్తుందని.

అక్కడ అవ్వ ఆపేసింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

వకుళ అలవాటు కొద్దీ ఎదురుచూసింది. అంతలో గుడిసెలో ఒక గొంతు లేచింది. "నాన్నా!" అని పగిలి, శ్రుతి తప్పి, మళ్లీ మళ్లీ లేచింది. అది తన గొంతేనని తెలియడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

చాలాసేపటికి అవ్వ కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"ఫోన్‌లోకి పట్టుకుంటివా?"

వకుళ చాప వైపు చూసింది. ఆగిపోయిన రికార్డింగ్ మళ్లీ పెట్టనే లేదు.

"పోనీలే పాపా," అంది అవ్వ. "నాలుగోది నీది గదా, యాడికి పోతాది?"