సాలూరు నుంచి వచ్చిన తిట్లు

అప్పలనరసయ్య మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. అది తెలిసి కూడా తారకేశ్ ఆ శనివారం పొద్దున్న విజయనగరంలో వారి వరండాలో నా పక్కన కూర్చుని అడగనే అడిగాడు.

"ఊరికే ఇచ్చి, ఊరికే చాకిరీ చేసేవాళ్ళనే జనం ఎందుకు తిడతారు మాస్టారూ?"

కుర్రాడి బాధలో న్యాయం లేకపోలేదు. మాస్టారు తయారుచేసిన 'గోస్తని' అనే తెలుగు టైపింగ్ ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూసి మార్చుకోనూవచ్చు. ఎక్కడైనా చిక్కొస్తే మా వెబ్‌సైట్లో ప్రశ్న పెడతారు. మాబోటి పదిమందిమి తీరిక చేసుకుని జవాబులు రాస్తాం. అందులో తారకేశ్ అందరికన్నా దిట్ట. జవాబు రాయగానే ప్రశ్న పక్కన 'సాల్వ్‌డ్' అని ఇంగ్లీషులో ముద్ర కొట్టడం మా ఆచారం. వారానికెన్ని ముద్రలు పడ్డాయో చూసుకుని మురిసిపోవడమూ ఆచారమే, దాచుకోవడం దేనికి!

ఈసారి తిట్టినావిడ బోనెల పైడమ్మ. సాలూరులో తహసీల్దారాఫీసు ఎదుట కంప్యూటరు పెట్టుకుని అర్జీలు టైపు చేస్తుంది. పాత ప్రోగ్రాము తీసేసి 'గోస్తని' ఎక్కించాక అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తున్నాయని, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి అడిగింది. ఏం చెయ్యాలో తారకేశ్ చక్కటి తెలుగులో వరసగా రాసి ముద్ర కొట్టాడు. ఆవిడ మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ ముద్ర. ఆ పైన ఆవిడ ఊరుకోలేదు. "ఎగతాళి సేస్తన్నారా? దమ్ముంటే సాలూరొచ్చి నా మొకం మీద సెప్పండి" అని ఇంకా నాలుగు కలిపి వడ్డించింది. తారకేశ్ మూడో జవాబు కాస్త ఘాటుగానే ఇచ్చాడు. చదివి మేమంతా భేష్ అన్నాం. నేనూ అన్నాను. ఆవిడ అంతటితో ఆగక, ఊరికే వచ్చేవి ఇలాగే ఏడుస్తాయి, వాటి జోలికి పోకండని కనబడ్డ ప్రతి టైపింగు మనిషికీ చెబుతోందట.

ఇదంతా విని మాస్టారు, "పిలిచింది కదా, వెళ్దాం" అని లేచి చెప్పులేసుకున్నారు. ముగ్గురం సాలూరు బస్సెక్కాం.

మేం వెళ్ళేసరికి పైడమ్మ కంప్యూటరు మీద గుడ్డ కప్పి, చేత్తో అర్జీ రాస్తోంది. రాయించుకునే ముసలాయన సగంలోనే కాగితం తీసుకుని పక్క బల్ల దగ్గరికి పోయాడు. అచ్చులో లేని అర్జీ ఆఫీసరు చూడరని అక్కడి జనం నమ్మకం.

మేం ఎవరమో చెప్పాం. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని ఎగాదిగా చూసింది.

"వొచ్చీసినారా! సోమారమే అర్జీలు తీసుకునే రోజు, రెండు సోమారాలు అర్జీలోళ్ళు నా బల్లకాడికి రానేదు. ఈ సోమారం కూడా ఇంతే అయితే బల్ల ఎత్తీడమే. ఇదుగో మీ గొప్ప జవాబులు, మీరే సదవండి" అని గుడ్డ లాగి, మా వెబ్‌సైటు తెరిచింది.

తెర నిండా డబ్బాలు. వరసలు వరసలుగా డబ్బాలు. ఆవిడ ప్రశ్నలు పోగా వాటి మధ్య చదవడానికి వీలైనది ఒకే ఒక్క మాట, మూడు చోట్ల: సాల్వ్‌డ్.

అక్షరాలు కనబడని మనిషికి అక్షరాల్లోనే జవాబు రాశాం! ఒకసారి కాదు, ముమ్మారు. పదిమందిమి చదువుకున్నవాళ్ళం, ఒక్కడికీ తట్టలేదు. మా కంప్యూటర్లలో అంతా శుభ్రంగా కనబడుతోంది మరి. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఫోన్లో చూసుకోవలసింది కదమ్మా" అని తారకేశ్ నసిగాడు. ఆవిడ తన మీటల ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తారకేశ్ పెన్‌డ్రైవులోంచి తెలుగు ఫాంటు ఎక్కించాడు. రెండు నిమిషాల పని. పేజీ మళ్ళీ తెరిస్తే డబ్బాలు పోయి తెలుగు వచ్చింది.

"ఓలమ్మ!" అని పైడమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. తెర మీద వేలు పెట్టి పైకే చదవడం మొదలుపెట్టింది. "'అమ్మా, కంగారు పడకండి, ఒక్కొక్కటే చేద్దాం...' ఎంత బాగా రాసినావు బాబూ!"

"ఇంక చాలమ్మా" అని తారకేశ్ మౌసు అందుకోబోయాడు. మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు.

ఆవిడ రెండోది చదివింది. మూడోదీ చదివింది. "'ముందు తెలుగును తెలుగులో రాయడం నేర్చుకోండి. కళ్ళున్నవాళ్ళకి జవాబు పైనే ఉంది.'" చదివి తారకేశ్ కేసి తిరిగింది.

"ఇది కూడా నువ్వేనా?"

"నేనేనమ్మా. తప్పయిపోయింది." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సర్లే, నానేటి తక్కువ తిట్నానా" అని, పక్క బల్ల కేసి తిరిగి, "తాతా, ఇలా రా, అచ్చు కొట్టిస్తాను" అని కేకేసింది.

బస్టాండులో బస్సు వచ్చే ముందు తారకేశ్ మెల్లిగా అన్నాడు: "ఇకనైనా ఆవిడ మనల్ని తిట్టడం మానేస్తుందంటారా మాస్టారూ?"

"ఈవిడ తిట్టింది గనక ఊరు తెలిసింది" అన్నారు మాస్టారు. "నోరెత్తకుండా పోయినవాళ్ళ ఊళ్ళకి ఏ బస్సెక్కుదాం?"