ఊరు బాగాలేదన్నవాళ్ళ సత్రం

ఒకానొక రాజ్యానికి మణిగిరి రాజధాని. దాన్నేలే కీర్తిభూషణ మహారాజు చెడ్డవాడేం కాదు గానీ, పూటకో పొగడ్త చెవిన పడకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. ఏడంతస్తుల మేడ కట్టించాడు. వీధివీధికీ పాలరాతి ఏనుగుల్ని నిలబెట్టాడు. ఊరు విడిచి వెళ్ళే ప్రతి బాటసారినీ కోటగుమ్మం దగ్గర ఆపి, "మా నగరం ఎలా ఉంది?" అని భటుల చేత అడిగించేవాడు.

అందరి నోటా ఒకే మాట వస్తుందా? "చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు" అని ఒక వర్తకుడంటే, "ఎండ తప్ప ఏముందయ్యా ఇక్కడ?" అని పురాణం చెప్పే పంతులొకాయన పెదవి విరిచాడు. రాజుకు ఒళ్ళు మండింది. బాగుందన్నవాళ్ళకు తాంబూలమిచ్చి సాగనంపమన్నాడు. బాగాలేదన్నవాళ్ళను సత్రంలో ఉంచి, బాగుందనేదాకా రోజూ ఊరంతా తిప్పి చూపించమన్నాడు. చూసిన ఏనుగులనే మళ్ళీ మళ్ళీ చూడలేక పాపం వాళ్ళకు ప్రాణం విసిగిపోయేది.

చాపలల్లే సూరమ్మ ఇదేమీ తెలియక గుమ్మం దగ్గర దొరికిపోయింది. తొలిచూలుతో ఉన్న కూతురి సీమంతానికి గాజులు కొనాలని అంత దూరం నడిచొచ్చింది. మణిగిరి గాజులంటే ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ మోజు. కొని, పాతగుడ్డలో చుట్టి, కొంగున మూటగట్టుకుంది. ఎల్లుండే సీమంతం. తల్లి చేత్తోనే తొడగాలి.

"మా నగరం ఎలా ఉందమ్మా?" అన్నాడు భటుడు.

"పనుంటే రావచ్చు గానీ నాయనా, చూడ్డానికైతే ఇంత దూరం రానక్కర్లేదు," అంది సూరమ్మ.

ఇంకేముంది, సత్రానికి నడవమన్నారు. ఆమె గాజుల మూట గుండెకు హత్తుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ దారిన పోతున్న ఆస్థాన విదూషకుడు లక్కన్న ఆగి, సంగతంతా అడిగి తెలుసుకున్నాడు.

"బాగుందని ఒక్క మాట అనేసి వెళ్ళిపోరాదా అక్కా?"

"ఎట్లా అంటాను తమ్ముడూ! సీమంతం గాజులు కొన్నాక, తొడిగేదాకా తల్లి అబద్ధమాడకూడదు. మా వైపు ఆనవాయితీ. ఈ నోటితోనే కదా ఎల్లుండి బిడ్డను దీవించాలి?"

 లక్కన్న భటుడి వైపు తిరిగాడు. "ఏమోయ్, నేనూ ఊరు విడిచి వెళుతున్నాను. నన్నడగవేం?"

భటుడు నసుగుతూ అడిగాడు.

"బొత్తిగా బాగాలేదు!"

ఆజ్ఞ ఆజ్ఞే. ఇద్దరినీ సత్రానికి తీసుకుపోయారు. కబురు విన్న రాజు కోపంతో ఊగిపోతూ వాళ్ళను సభకు పిలిపించాడు. సూరమ్మ స్తంభం చాటున ఒదిగి నిలబడింది.

"లక్కన్నా! నా ఉప్పు తింటూ నా ఊరినే తిడతావా?"

"ఏం చెయ్యమంటారు ప్రభూ? ఈ ఊరంటే నాకు ప్రాణం. వదిలి వెళ్ళలేను."

"ప్రాణమైతే బాగాలేదంటావా?"

"బాగుందంటే చేతిలో తాంబూలం పెట్టి బయటికి పంపేస్తున్నారు కదా! ఇక్కడే ఉండాలంటే తిట్టక తప్పలేదు."

సభలో కొందరు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మూర్ఖుడా, అది శిక్ష!"

"ఏది ప్రభూ శిక్ష?"

"ఈ ఊళ్ళో ఉండటం..." అనేసి రాజు నాలుక కరుచుకున్నాడు.

లక్కన్న చేతులు జోడించాడు. "చూడనక్కర్లేదన్నారే గానీ ప్రభూ, ఉండటమే శిక్ష అని ఏ బాటసారీ అనలేదు. అంత మాట అన్నవారిని తమరి ఆజ్ఞ ప్రకారం సత్రానికి... ఆపైన నేను చెప్పను. నా నోరు కూడా మంచిది కాదు."

రాజు ముఖం ఎర్రబడింది. అంతలో బొజ్జ కదిలింది. చివరికి కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. నవ్వి నవ్వి, స్తంభం చాటున ఉన్న మనిషిని చూశాడు.

"ఏమ్మా, భయపడకు. నా నగరానికి ఏం తక్కువైంది?"

"మీ మేడకేం లోటు బాబూ! వచ్చిన కాణ్ణించీ అందరూ మా ఊరెలా ఉంది, మా మేడెలా ఉంది అనే అడిగారు. ఎవరమ్మా నువ్వు, ఏ పని మీద వచ్చావు, అన్నం తిన్నావా అని ఒక్కరూ అడగలేదు. నన్నడగని ఊరు ఎంత బాగుంటే మాత్రం నాకేం?"

రాజు నవ్వు ఆగిపోయింది. ఆయనకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. సింహాసనం దిగి వచ్చి మెల్లగా అడిగాడు: "అన్నం తిన్నావా అమ్మా?"

"లేదు బాబూ," అని సూరమ్మ భోరుమంది.

రాజు ఆమెను తన ఇంటి ఆడపడుచులా కూర్చోబెట్టి, దగ్గరుండి వడ్డింపించాడు. సత్రంలోని వాళ్ళందరినీ దారిబత్తెంతో వాళ్ళ ఊళ్ళకు పంపేశాడు. తన పట్టుశాలువ తీసి లక్కన్నకు కప్పాడు. వేగంగా పరిగెత్తే ఎడ్లబండి కట్టించి, గుమ్మందాకా సూరమ్మ వెంట తనే నడిచాడు.

అక్కడి భటుడు అలవాటు కొద్దీ, "మా నగరం ఎలా ఉందమ్మా?" అనేసి, రాజును చూసి గతుక్కుమన్నాడు.

సూరమ్మ బండిలో గాజుల మూట ఒళ్ళో సర్దుకుంది. "ఊరి సంగతి నేనిప్పుడు చెప్పలేను నాయనా. పురుడయ్యాక కూతుర్నీ మనవణ్ణీ వెంటబెట్టుకొచ్చి, తీరిగ్గా చూసి చెబుతాను."

అంతకు మించిన పొగడ్త రాజు ఎన్నడూ విన్నది లేదు. బండి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి, చిన్నపిల్లాడిలా నవ్వుతూనే ఉన్నాడు.